రేపు వస్తానండీ

బండి తాడేపల్లిగూడెం వదిలేటప్పటికి ఎనిమిదింపావైంది. ఏలూరికి గంట ప్రయాణం, మధ్యలో ఏ ఎక్స్‌ప్రెస్సుకో దారిచ్చి నిలబెట్టేస్తే ఇంకో పావుగంట. ఈ గంటలోనే చెప్పెయ్యాలి అనుకుంది గంగాభవాని. నిన్న సాయంత్రం ఏలూరు నుంచి వీరదుర్గ ఫోను చేసిన దగ్గర్నుంచీ అదే అనుకుంటోంది. అన్నం కలుపుకుంటూ అనుకుంది, పొద్దున తల దువ్వుకుంటూ అనుకుంది, ఇప్పుడు ఎదురు సీట్లో కిటికీ పక్కన కూర్చున్న తహసీన్ మొహం చూస్తూ మళ్లీ అనుకుంది. వీరదుర్గ నర్సు ట్రైనింగులో తనకి ఒక ఏడు వెనక, ఇప్పుడు ఏలూరు పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. "అక్కా, మీ మనిషి రిపోర్టులు వచ్చేశాయి. ముక్క తీసి పంపినదాంట్లో కేన్సరనే వచ్చింది. అంతటితో అయిపోలేదక్కా. స్కానింగులో లివర్ మీద మూడు గడ్డలున్నాయంట, వెన్నులో కూడా ఏదో ఉందంటున్నారు. రేపు తీసుకొచ్చెయ్యండి," అని, అవతలెవరో పిలిస్తే పెట్టేసింది. లివర్ మీద మూడు. పందొమ్మిదేళ్లుగా ఏఎన్ఎమ్ ఉద్యోగం చేస్తున్న మనిషికి ఆ మాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తహసీన్‌కి మాత్రం ఇంకా ఏమీ తెలీదు. రిపోర్టులు చూపించుకోడానికి వెళ్తున్నాం అనుకుంటోంది. బురఖా ముసుగు వెనక్కి తోసుకుని, ఒళ్లో పాత ఫైలు పెట్టుకుని, చేలకేసి చూస్తోంది. ఫైలుకి ఓ గుడ్డ సంచీ కుట్టింది, ఏదో జాకెట్టు లైనింగులో మిగిలిన ముక్కతో, మూతికి తాడు కూడా పెట్టి. ఎంత బాగా కుట్టిందో, ఇలాంటివాటికి కూడా ఇంత బాగా కుట్టాలా అనుకుంది భవాని.

బాదంపూడి దాటింది. సార్వా వరిచేలు పొట్టమీదున్నాయి, గాలికి ఒకపక్కకి ఒరిగి మళ్లీ లేస్తున్నాయి. "ఇప్పుడు వాన పడకుండా ఉంటే బాగుణ్ణండీ, పడితే గింజ తాలైపోద్దంటారు," అంది తహసీన్, సెంటు పొలం లేని మనిషి, ఊరందరి పంటా తనదైనట్టు. మరేనండీ అంది భవాని. చెప్పాలంటే ఇదే సమయం, పెట్టెలో జనం పల్చగా ఉన్నారు, పక్క వరసలో ఓ ముసలాయన నిద్రపోతున్నాడు. తహసీన్ గారూ, నేనొక మాట చెప్పాలండీ. ఇంతే, ఇలా మొదలుపెడితే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. నోరు తెరిచేలోపల తహసీనే ఇటు తిరిగింది. కళ్లు మెరుస్తున్నాయి. "నర్సమ్మగారూ, నేనొకటి ఆలోచించానండీ. పోయినేడు శ్రావణంలో మీరు మా ఇంటికొచ్చి రక్తం తీసి టెస్టు చేశారు కదా, అప్పుడు ఏం లేదనొచ్చింది కదండీ. ఫోనుకి మెసేజీ కూడా వచ్చింది. అంటే ఇది ఆ తర్వాతే మొదలైందన్నమాట. నాకు అంతకుముందు చేతికేదో తగిలినట్టనిపించింది గానీ, అది వేరే అయ్యుంటుంది, పాలగడ్డో ఏదో. మరి టెస్టులో తెలిసిపోవాలి కదండీ. ముందుగా కనిపెడితే నయమైపోద్దని మీరే అందరికీ చెప్తుంటారు. పోయినేడు లేదంటే ఇది ముందే కదండీ?" భవాని సీసా మూత తిప్పింది. మంచినీళ్లు తాగుతారా అంది.

ముందే కదండీ. ఆ మాట బండి చప్పుడులో కలిసిపోయి పట్టాల కింద నుంచి వినిపిస్తోంది. పోయినేడు శ్రావణం, రెండో వారం, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజులుంది. ఊళ్లో ఆడాళ్లందరి జాకెట్లూ తహసీన్ ఇంట్లోనే ఉన్నాయా అన్నట్టు తాడు మీద వేలాడుతున్నాయి, ఎర్రవీ పచ్చవీ, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి. గుమ్మంలో కుర్చీ వేసుకుని వాళ్లత్తగారు మహబూబ్ బీ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అది భవానికి ఆ రోజు ముప్పై ఒకటో ఇల్లు. పైనుంచి సూపర్‌వైజరు భీమశంకరం గారు గంటకోసారి ఫోను. "భవానీ గారూ, లిస్టులో మన వార్డే అడుగునుందండీ. సాయంత్రానికి నలభై ఇళ్లు ఎక్కలేదంటే పైవాళ్లు నన్నడుగుతారు, నేను మిమ్మల్నడగాలి." ఆయన చెడ్డవాడేం కాదు, తన కూతురి పెళ్లిలో స్టాఫందరికీ దగ్గరుండి వడ్డించిన మనిషి. బీపీ చూసింది. వేలికి సూది గుచ్చి చుక్క రక్తం తీసి షుగరు చూసింది. ఫోనులో సర్వే యాప్ ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, పొగాకు వాడతారా, నోట్లో మానని పుండ్లున్నాయా, బరువు తగ్గారా. లేదండీ, లేదండీ అంటూ తహసీన్ మిషను తొక్కుతూనే చెప్తోంది. తర్వాత రొమ్ము ప్రశ్న. రొమ్ములో గడ్డ ఉందా. దానికి ఎర్ర చుక్క గుర్తు, జవాబివ్వందే ముందుకెళ్లదు. అడగడం కాదు, చూడాలి. లోపలికి తీసుకెళ్లి, తలుపు వేసి, పడుకోబెట్టి, మూడు వేళ్లు ఆనించి, మెడకింద ఎముక నుంచి చంక దాకా గుండ్రంగా జరుపుకుంటూ తడిమి చూడాలి. అటూ ఇటూ. ఎంత తొందరపడ్డా పది నిమిషాలు. తహసీన్ మిషను ఆపింది. అత్తగారి కేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఏవండీ, ఒక్కసారి లోపలికొస్తారా, చిన్నమాట," అంది.

ఆ గొంతు భవానికి తెలుసు. అదే అసలు సంగతి. తెలీదు అనుకుందామన్నా కుదరదు. పందొమ్మిదేళ్లలో ఆ గొంతు ఎన్ని గుమ్మాల్లో వినలేదు, నెల తప్పిన పిల్లలు అలా పిలుస్తారు, మొగుడు కొట్టిన వాళ్లు అలా పిలుస్తారు, ఒంట్లో ఏదో ఉందని చేతికి తెలిసి నోటికి చెప్పలేనివాళ్లు అలాగే పిలుస్తారు. చిన్నమాట అంటే చిన్నది కాదని అర్థం. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. సంచీలో ఫోను మళ్లీ మోగింది, చూడకుండానే భీమశంకరం గారని తెలుసు. ఇంకా తొమ్మిదిళ్లు. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. "రేపు వస్తానండీ, తీరిగ్గా చూస్తాను," అంది. తహసీన్ "అలాగేనండీ, మీ వీలు చూసుకునే రండి," అంది, వెంటనే, మొహమాటపడుతూ, తనే ఏదో తప్పు చేసినట్టు. భవాని గొడుగు తెరిచింది. రెండో చేత్తో ఫోను. అవును, కాదు, రెండే గళ్లు. రేపెలాగూ చూస్తాను కదా, ఉంటే అప్పుడు మార్చుకోవచ్చు అనుకుని కాదు మీద నొక్కింది. పచ్చటి గుర్తు పడింది. ముప్పై రెండో ఇంటికి వెళ్లేసరికి ఆ ఇంటావిడ టీ ఇచ్చింది, అల్లం వేసి. ఆ అల్లం రుచి కూడా గుర్తుంది, దిక్కుమాలిన అల్లం.

చేబ్రోలులో ఎవరో సపోటాల గంప ఎక్కించారు. పెట్టె అంతా తియ్యటి వాసన. తహసీన్ ఒకటి కొని, రెండు చెక్కలు చేసి, పెద్ద చెక్క భవానికిచ్చింది. తినక తప్పలేదు. రేపొస్తానన్న ఆ మర్నాడు వెళ్లలేదు. మర్నాడు పోలియో చుక్కల మీటింగు. ఆ తర్వాత రోజు వ్రతం, ఇంట్లో తనకే పూజ. ఆ తర్వాత ఆదివారం. ఆ తర్వాత వార్డులో జ్వరాలు, ఇంటింటికీ దోమల మందు, ఆ తర్వాత వరసన ఏదో ఒకటి. మనసులో మాత్రం తహసీన్ ఇల్లు ఓ ముల్లులా ఉండేది, వెళ్లాలి, వెళ్లాలి. నెల పోయాక ముల్లు మొద్దుబారింది. అవసరమైతే ఆవిడే వస్తుంది కదా, సెంటరు ఎంత దూరం, రెండు వీధులు. మార్కెట్టులో ఒకసారి ఎదురైంది కూడా. ఆవిడ ఆగింది. భవాని స్కూటీ ఆపకుండానే తలూపి, బాగున్నారా అని వెళ్లిపోయింది. ఆవిడెందుకు రాలేదో మొన్ననే తెలిసింది. సర్వరు నుంచి మెసేజీ వెళ్లింది ఆవిడ ఫోనుకి, మీ పరీక్ష పూర్తయింది, లక్షణాలు ఏమీ లేవు అని. వేలి నుంచి తీసిన ఆ చుక్క రక్తంలోనే అన్నీ తెలిసిపోతాయనుకుంది తహసీన్. ఈమధ్య మిషన్లు ఎంతెంతవి వచ్చాయో కదండీ, అంది. మర్నాడు నర్సమ్మ రాకపోవడానికి కూడా అదే కారణమనుకుంది. ఏం లేదని వచ్చేశాక మళ్లీ రావడమెందుకు, పాపం ఆవిడకెన్ని పనులో. పద్నాలుగు నెలలు ఆ మెసేజీని నమ్ముకుంది. చేతికి గట్టిగా తగిలినప్పుడల్లా ఫోను తీసి చూసుకునేదట. టెస్టులో లేదంటే లేదు.

ఏ టెస్టూ లేకపోయినా బాగుండేది, అదొక్కటీ రాకపోయినా బాగుండేది. భయపడి అయినా ఎక్కడికన్నా పోయేది. కాదు అన్న ఒక్క గడి, తన బొటనవేలు. భవాని తన కుడిచేతి బొటనవేలు చూసుకుంది, సపోటా జిగురు అంటుకుని ఉంది. చీరకొంగుకి తుడుచుకుంది. కైకరంలో బండి ఆగింది, కదిలింది. ఇటు దక్షిణంగా చూస్తే దూరాన చెరువుల మీద ఎండ పడి తెల్లగా రేకు పరిచినట్టుంది. అటే, కైకలూరు అవతల, కొల్లేటి లంకలో వాళ్ల దొడ్డమ్మ ఉండేది. భవానికి పన్నెండేళ్లప్పుడు వేసవి సెలవులకి దోనె మీద తీసుకెళ్లేవాళ్లు, నీళ్లల్లో తూడుకాడలు దోనె అడుగుని గీరుకునే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ ఏడు దొడ్డమ్మ దగ్గర పడుకుంటే వాసనొచ్చింది. చేపల ఊళ్లో చేపల వాసన అనుకుంది మొదట. కాదు. దొడ్డమ్మ పమిట కింద పసుపూ వేపాకూ నూరి కట్టుకునేది, రోజూ పొద్దున్నే నీళ్లచాటుకి వెళ్లి మార్చుకునేది. ఎవరికీ చూపించలేదు. అమ్మ ఏడుస్తూ అడిగితే, "ఎవరికి చూపించనే, ఇది చూపించే చోటా?" అంది. దసరా నాటికి పోయింది. అందుకే భవాని నర్సు చదివిందని చుట్టాలందరూ చెప్పుకుంటారు. నిజానికి సీటు దానికొచ్చింది కాబట్టి చదివింది. కానీ మీటింగుల్లో మాత్రం దొడ్డమ్మ కథ చెప్తుంది, గోడమీద బొమ్మ తగిలించి, సిగ్గుపడకండమ్మా, చూపించుకోండమ్మా అని. ఆడాళ్లు కళ్లొత్తుకుంటారు. దొడ్డమ్మ చూపించుకోనంది, పోయింది. తహసీన్ చూపిస్తానంది. లోపలికి రమ్మంది. దొడ్డమ్మకి డాక్టరు లేడు, రోడ్డు లేదు, మాట లేదు. తహసీన్‌కి గుమ్మంలోనే నర్సమ్మ నిలబడి ఉంది, సంచీ, ఫోను, గొడుగుతో సహా.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అంది తహసీన్. తలనొప్పండీ అంది భవాని. ఆవిడ వెంటనే సంచీలో చెయ్యి పెట్టి వెతికింది, అమృతాంజనం ఉంటుందేమోనని, ఎడమ చేత్తో. కుడిచెయ్యి ఒళ్లోనే ఉంది, కొంచెం ఉబ్బి, వేళ్లు బొద్దుగా. మూడు వారాల కిందట ఆ చెయ్యే పట్టిచ్చింది. తోడికోడలి కూతురి పెళ్లికని భవాని జాకెట్టు గుడ్డ పట్టుకెళ్లింది. పద్నాలుగు నెలల తర్వాత ఆ గుమ్మం ఎక్కడం అదే. తహసీన్ కొలతలు తీస్తూ టేపు భుజం మీదుగా వెయ్యబోయి చెయ్యి ఎత్తలేకపోయింది. మూడుసార్లు ప్రయత్నించి, నవ్వేసి, "కొంచెం మీరే పట్టుకోండి," అంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది భవాని. తలుపు వేసింది. ఆ రోజు ఏ ఫోనూ మోగలేదు, ఏ వానా లేదు, పది నిమిషాలు కాదు, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కుడిపక్క తోలు బత్తాయి తొక్కలా గుంటలు పడి ఉంది, మొన లోపలికి లాక్కుపోయింది. చంకలో గోళీకాయల్లాంటివి వేళ్లకి తగిలాయి, కదలటం లేదు. ఊళ్లో సగం మంది ఆడాళ్ల ఛాతీ కొలతలు ఈవిడ చీటీల్లో ఉంటాయి, ఎవరికి ఏ పక్క ఎక్కువో ఏ పక్క తక్కువో కూడా తెలుసు, ఎవరితోనూ అనదు. ఈవిడ కొలత ఎవరూ తీసుకోలేదు. "పెద్దదేమీ కాదు కదండీ?" అంది తహసీన్ దుపట్టా సర్దుకుంటూ. ఏలూరు వెళ్దాం, నేనొస్తాను మీతో అంది భవాని. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మీలాంటివాళ్లు ఎవరుంటారండీ ఈ రోజుల్లో, అంది.

మూడు వారాలుగా అదే మాట. మొగుడు దస్తగిరి కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు, చేపల లారీలు కదిలే కాలం, ఒక్కరోజు మిషన్లు ఆగినా సరుకు పాడైపోద్దని వదలరు. వారానికోసారి వస్తాడు. మొన్న ఆదివారం వచ్చి వాకిట్లో నిలబడి, గ్రీజు మరకల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, "మేడమ్ గారూ, మా ఆడమనిషిని మీ చేతుల్లో పెట్టానండీ," అన్నాడు. మీ చేతుల్లో. అత్తగారికి మోకాళ్లు లేవవు. పుట్టింటివాళ్లు ఎవరూ లేరు. మామోగ్రామ్‌కి భవానీయే తీసుకెళ్లింది, సూది పెట్టి ముక్క తీసినప్పుడు రెండో చెయ్యి పట్టుకుని కూర్చుంది, స్కానింగు దగ్గర మూడు గంటలు నిలబడింది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. భీమశంకరం గారు మీటింగులో పేరు పెట్టి చెప్పారు, డ్యూటీ అంటే ఇలా ఉండాలని. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లప్పుడు లేచి చెప్పెయ్యాల్సింది. లేవలేదు. నవ్వింది కూడా, కొంచెం.

పూళ్ల, ఆ తర్వాత భీమడోలు. ద్వారకా తిరుమల వెళ్లేవాళ్లు తలనీలాల పిల్లల్ని ఎత్తుకుని దిగిపోయారు, పెట్టె ఖాళీ అయింది. సగం దూరం పైగా అయిపోయింది. చెప్పకపోతేనేం, అంది భవాని మనసులో ఒక గొంతు, మెత్తగా, అచ్చం తను పేషెంట్లతో మాట్లాడే గొంతే. చెప్తే ఇప్పుడు తగ్గిపోతుందా? నీ గుండెబరువు దింపుకోడానికి ఆవిడ నెత్తిన పెడతావా? పోయినేడు లేదన్న ఆ ఒక్క ఆశ పట్టుకుని కూర్చుంది, అదీ లాగేస్తావా? నిజమే కదా. నిజంగానే నిజమే. ఇంకో గొంతు కూడా ఉంది, దానికి మర్యాద తెలీదు. ఉద్యోగం పోతుందని కదే నీ భయం, అంటోంది. ఎదురుగా తహసీన్ పెదాలు కదుపుతోంది, దువా చదువుకుంటోందేమో అనుకుంది భవాని. కాదు. "డాక్టరుగారికి ఎలా చెప్పాలో అనుకుంటున్నానండీ," అంది తహసీన్. "పోయినేడు గవర్నమెంటు టెస్టు చేయించుకున్నానండీ, ఏం లేదనొచ్చిందండీ, అంచేత ఇది కొత్తదేనండీ, అని ముందే చెప్పేస్తే ఆయనకి తేలికవుద్ది కదండీ. మెసేజీ కూడా ఉంచాను. కొత్తదని తెలిస్తే మందులు కూడా చిన్నవే రాస్తారేమో." వరసగా, బడిపిల్ల పద్యం ఒప్పజెప్పినట్టు, మళ్లీ మొదటి నుంచీ అంది.

దెందులూరు దాటాక బండి ఆగిపోయింది. స్టేషను కాదు, ఊరికే, ఏదో ఎక్స్‌ప్రెస్ వస్తోందని. ఫ్యాన్లు తప్ప చప్పుడు లేదు. పట్టాల పక్క చేపల చెరువులో గాలి పట్టించే చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి, గట్టు మీద కొంగలు. "అది ఆ టెస్టు కాదండీ," అంది భవాని. తన గొంతు తనకే వేరేగా వినిపించింది. "ఏదండీ?" "మీ వేలి నుంచి తీసిన రక్తం. అది దీనికి కాదండీ. రక్తంలో ఇది తెలీదు. చేత్తో చూడాలి. నేను చూడలేదు. మీరు లోపలికి రమ్మన్నారు, నేను రేపొస్తానన్నాను. రాలేదు. చూడకుండానే లేదని నొక్కేశాను ఫోనులో. ఆ మెసేజీ నేను నొక్కినదే. ఏ మిషనూ చెప్పలేదండీ." ఇంత మాట ఒక్క ఊపిరిలో వచ్చేసింది. తహసీన్ వింటున్నట్టే ఉంది, కానీ మొహంలో ఏమీ మారలేదు, అర్థం కాని కొలత ఎవరో చెప్తే మళ్లీ అడగబోతున్నట్టు ఉంది. "మరి ఆ రక్తం ఎందుకండీ?" అంది.

"అది షుగరుకండీ."

"షుగరుకా," అంది తహసీన్.

ఎక్స్‌ప్రెస్ పక్క పట్టాల మీద నుంచి పోయింది, కిటికీ ఊచలు అదిరాయి, ఒక్కొక్క పెట్టె వెలుగూ చీకటీ ఆవిడ మొహం మీద నుంచి వెళ్లిపోయాయి. అది పోయాక కూడా తహసీన్ అటే చూస్తోంది. ఏడుస్తుందనుకుంది భవాని. తిడుతుందనుకుంది, తిట్టాలని కోరుకుంది, పెట్టెలో అందరూ వినేలా. ఆవిడ ముసుగు ముందుకు లాక్కుంది, కళ్లు మాత్రం కనిపించేలా. పవర్‌పేటలో కాలేజీ పిల్లలు దిగిపోయారు నవ్వుకుంటూ. ఏలూరు వచ్చింది. ఆటోలో ఇద్దరి మధ్యా జానెడు ఖాళీ, మూడు వారాల్లో ఎప్పుడూ లేనిది. భవాని మనసులో మాత్రం, సిగ్గు లేకుండా, ఓ తేలిక. చెప్పేశాను. చెప్పేశాను కదా. ఎవరైనా అడిగితే చెప్పలేదని అనలేరు.

డాక్టరు గారు యాభై దాటినాయన, కళ్లజోడు ముక్కు మీదికి జారింది, వాకిట్లో అరవై మంది ఉన్నారు. రిపోర్టులు తిరగేస్తూనే అడిగాడు. "మొదట ఎప్పుడు చూసుకున్నావమ్మా?" భవాని గోడకానుకుని నిలబడింది. తహసీన్ బల్ల అంచు పట్టుకుంది. రైల్లో ఒప్పజెప్పుకున్నది ఒక్క ముక్క కూడా అనలేదు. "పోయినేడు శ్రావణానికి ముందేనండీ," అంది. ఆయన తలెత్తాడు. "పోయినేడు శ్రావణమా? పద్నాలుగు నెలలు! ఇన్నాళ్లు ఏం చేస్తున్నావమ్మా? చూపించుకోవాలని తెలీదా? అప్పుడే వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదేమో ఇది." తహసీన్ నోరు తెరిచింది, మూసేసింది. "ఇప్పుడు ఆపరేషన్‌కి లేదు. లివర్‌కి పాకింది, ఎముకకి కూడా వెళ్లింది. మందులు ఎక్కిద్దాం. ఎంతవరకూ అదుపులో ఉంటే అంతవరకూ." నయమవుద్దా అండీ, అంది తహసీన్. ఆయన చీటీ రాశాడు. రాస్తూ రాస్తూ భవాని కేసి చూశాడు, మెడలో కార్డు వేలాడుతోంది. "మీరు అక్కడి ఏఎన్ఎమ్మేనా? ఇంటింటికీ తిరుగుతారు కదా సిస్టర్, మీరైనా చెప్పొద్దూ వీళ్లకి?"

గదిలో ఇంకో ఇద్దరు నర్సులున్నారు, ఓ జూనియర్ డాక్టరు. అందరూ భవాని కేసి తిరిగారు. తహసీన్ కూడా తిరిగింది. ముసుగులోంచి ఆ రెండు కళ్లూ ఎదురుచూస్తున్నాయి. రైల్లో ఒక్క ఊపిరిలో వచ్చిన మాటలన్నీ ఉన్నాయి, వరసగా, గొంతు దాకా వచ్చి ఉన్నాయి. రమ్మన్నారండీ, నేనే రాలేదండీ.

"చెప్తూనే ఉంటామండీ," అంది గంగాభవాని. "సిగ్గుపడతారు."

డాక్టరు నిట్టూర్చి తలాడించాడు. ప్రతి రోజూ వినే మాటే. తహసీన్ కళ్లు దించేసుకుంది. తర్వాతి మనిషి పేరు పిలిచారు.

బయట వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి, మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి, మంగళవారం తారీఖు వేయించుకుని వచ్చింది భవాని. ఎలా వచ్చిందో తెలీదు, కాళ్లు వాటంతటవే నడిచాయి. తహసీన్ అక్కడే ఉంది. లేచి వెళ్లిపోయుంటుందని భయపడింది, వెళ్లిపోతే బాగుండునని కూడా అనుకుంది. పక్కన కూర్చోలేక ఎదురుగా నిలబడింది. "తహసీన్ గారూ, నన్ను తిట్టండి. ఏదో ఒకటి అనండి. అందరిలో అనండి, నేను కాదనను," అంది. తహసీన్ ముసుగు తీసింది. ఏడ్చిన మొహం కాదు. బాగా అలిసిపోయిన మొహం, పండగ ముందు రాశి పడ్డ జాకెట్లు కుట్టి కుట్టి లేచినప్పుడు ఉండే మొహం. "మిమ్మల్ని తిట్టాలంటే నాకింకో మనిషుండాలి కదండీ," అంది మామూలుగా. "మా ఆయన రాలేడు. అత్తయ్య లేవలేదు. మంగళవారం మందు ఎక్కించాక నన్ను పట్టుకుని బండెక్కించేదెవరండీ? ఆ తర్వాత వారం? ఈ ఊళ్లో ఏ గది ఎక్కడో నాకు తెలీదు. మీతో తగువు పెట్టుకుని నేనెక్కడికి పోతాను?" ఫైలు సంచీ తాడు బిగిస్తూ అంది. "మా ఆయనతో మాత్రం అనకండి ఈ సంగతి. ఆయనకి తెలిస్తే మిమ్మల్ని గుమ్మం తొక్కనివ్వరు. అప్పుడు నాకెవరూ ఉండరు."

క్షమిస్తుందనో శపిస్తుందనో, రెంట్లో ఏదో ఒకటి దొరుకుతుందని ఎక్కడో అనుకుంది భవాని. ఇంక ప్రతి మంగళవారం పొద్దున్నే ఎనిమిదింపావు బండి, ఎదురెదురు సీట్లు, గంట ప్రయాణం. ఎన్ని మంగళవారాలో ఆవిడకి తెలీదు. భవానికి సుమారుగా తెలుసు.

రైలు టైమవుతోందండీ, అని తహసీనే లేవబోయింది. నడుంలో కలుక్కుమందేమో, సగంలో ఆగిపోయి పళ్లు బిగించింది. వరండా మెట్లు దిగాలి, పది పన్నెండుంటాయి, చేత్తో పట్టుకోడానికి కమ్మీ లేదు. భవాని చెయ్యి చాపింది. తహసీన్ ఆ చేతికేసి చూసింది, చాలాసేపు. పట్టుకోలేదు. పక్కకి జరిగి, భవాని భుజం మీద తన ఎడమచెయ్యి వేసి, మనిషి బరువంతా దానిమీద ఆనించి, మొహం మాత్రం రోడ్డు వైపే ఉంచి, ఒక్కొక్క మెట్టూ దిగడం మొదలుపెట్టింది.